పొడి పసుపు రంగుకు వచ్చింది, మరి హైడ్రోజన్ ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో చెబుతాను. టైటానియం డయాక్సైడ్ పొడిని యూరియాతో కలిపి కల్వంలో నూరి, ఫర్నేస్‌లో 450 డిగ్రీల దగ్గర కాల్చారు. తెల్లటి పొడి లేత పసుపుగా మారింది. బ్యాండ్ గ్యాప్, అంటే పొడిలో ఎలక్ట్రాన్‌ను పైకి లేపడానికి కాంతి ఇవ్వాల్సిన కనీస శక్తి, 3.2 నుంచి 2.7 ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గినట్టు మీ గ్రాఫు చూపిస్తోంది. దృశ్యకాంతిలో మిథిలీన్ బ్లూ అనే నీలి అద్దకం రంగు కూడా పోతోంది. కానీ అతినీలలోహితాన్ని ఆపే 420 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టి నీటి నుంచి హైడ్రోజన్ తీయబోతే ఏమీ రావడం లేదు. యూరియా ఇంకా పెంచాలా, లేక ఇనుము, క్రోమియం లాంటి లోహం కలపాలా అని అడిగారు.

రెండూ చేయకండి. పొడి కాంతిని పీల్చుకోవడం ఒక పని, ఆ కాంతితో హైడ్రోజన్ తయారుచేయడం మరో పని. మీ డోపింగ్, అంటే స్ఫటికంలో పరాయి మూలకాన్ని (డోపెంట్‌ను) కొద్దిగా కలపడం, మొదటి పనిని కొంత సాధించి, రెండో పనిని చెడగొట్టింది. డోపెంట్ పెంచితే రంగు ముదురుతుంది, హైడ్రోజన్ మాత్రం రాదు. దృశ్యకాంతితో హైడ్రోజనే మీ లక్ష్యమైతే టైటానియాను (టైటానియం డయాక్సైడ్‌ను) పక్కన పెట్టి, రోడియం, లాంథనం కలిపిన స్ట్రాంషియం టైటనేట్ వైపు వెళ్లండి. ఈ పనిలో పదహారేళ్లుగా ఉన్నాను. మొదటి రెండేళ్లు నేనూ మీలాగే పసుపు పొడుల చుట్టూ తిరిగాను కాబట్టి కారణాలు కొంచెం విడమరిచి రాస్తాను.

ముందు శక్తి లెక్క. అనటేజ్ రూపంలోని టైటానియా బ్యాండ్ గ్యాప్ 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 387 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలనే అది వాడుకోగలదు. ఎండలో ఆ భాగం 4, 5 శాతమే. అందుకే అందరూ గ్యాప్ తగ్గించాలని చూస్తారు. అయితే గ్యాప్‌కు రెండు అంచులు ఉన్నాయి. పై అంచు, అంటే కండక్షన్ బ్యాండ్, హైడ్రోజన్ పుట్టే స్థాయికి కేవలం 0.2 వోల్టుల పైన ఉంది. కింది అంచు, అంటే వేలెన్స్ బ్యాండ్, ఆక్సిజన్ పుట్టే స్థాయికి సుమారు 1.7 వోల్టుల కింద ఉంది. అంటే పైన మిగులు దాదాపు లేదు, కింద కావలసినంత ఉంది. గ్యాప్ తగ్గించదలిస్తే కింది అంచును పైకి తేవాలి తప్ప పై అంచును కిందికి దించకూడదు. ఇనుము, వెనేడియం లాంటి లోహాలు చాలాసార్లు పై అంచుకు కింద కొత్త స్థాయిలను పెడతాయి. అక్కడ చిక్కిన ఎలక్ట్రాన్‌కు ప్రోటాన్‌ను హైడ్రోజన్‌గా మార్చే సత్తువ ఉండదు. మీరు ఇనుము కలపవద్దని నేను చెప్పడానికి మొదటి కారణం ఇదే.

నైట్రోజన్‌ను ఎంచుకోవడం వెనుక ఉన్న ఆలోచన మంచిదే. నైట్రోజన్ స్థాయిలు ఆక్సిజన్ స్థాయిల కంటే కొంచెం పైన ఉంటాయి కాబట్టి కింది అంచు లేస్తుందని ఆశ. 2001లో జపాన్‌లోని టయోటా పరిశోధన కేంద్రం నుంచి ఆసాహి బృందం ఈ పదార్థాన్ని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా దాని వెంట పడింది. కానీ ఆ బృందం కొలిచింది మిథిలీన్ బ్లూ, ఎసిటాల్డిహైడ్ ఎంతవరకు విచ్ఛిన్నమవుతున్నాయనే. నీటిని విడగొట్టడం కాదు. ఈ తేడాను తర్వాత వచ్చిన చాలామంది గమనించలేదు.

మీరు కలిపే కొద్దిపాటి నైట్రోజన్‌తో అసలు అంచు కదలదు. అంచుకు కొంచెం పైన విడివిడిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కొన్ని స్థాయిలు ఏర్పడతాయి. మీ శోషణ గ్రాఫును (ఏ తరంగాన్ని పొడి ఎంత పీల్చుకుందో చూపేదాన్ని) మళ్లీ తీసి చూడండి. ప్రధానమైన వాలు ఇప్పటికీ 387 దగ్గరే ఉంటుంది. 400 నుంచి 500 దాకా చిన్న భుజంలాంటి ఉబ్బు కనిపిస్తుంది. మీరు ఆ భుజం మీద గీత గీసి 2.7 అన్నారు. అది బ్యాండ్ గ్యాప్ కాదు, మలిన స్థాయిల శోషణ. ఈ ఒక్క గీత వల్ల తప్పుదారి పట్టిన వ్యాసాలను సమీక్షకుడిగా ఎన్నో చూశాను.

ఆ విడి స్థాయిల వల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, ఎలక్ట్రాన్ అక్కడి నుంచి పైకి లేచాక మిగిలిన ఖాళీ, అంటే హోల్, అక్కడే చిక్కుకుపోతుంది. పక్క పరమాణువుకు దూకి ఉపరితలం దాకా రావడానికి దారి ఉండదు. అటక ఎక్కడానికి గోడ మధ్యలో ఒక మెట్టు పెట్టామనుకోండి. ఎక్కడం తేలికవుతుంది, దిగడం కూడా అంతే తేలికవుతుంది. పైకి వెళ్లిన ఎలక్ట్రాన్ అదే మెట్టు మీదుగా మళ్లీ హోల్‌లోకి పడిపోతుంది, శక్తి వేడిగా పోతుంది. ఈ పతనం నానోసెకన్లలో, ఒక్కోసారి అంతకంటే వేగంగా జరుగుతుంది. నీటి నుంచి ఆక్సిజన్ పుట్టాలంటే నాలుగు హోల్స్ ఒకేచోట చేరాలి, దానికి మిల్లీసెకన్లు, అంతకుమించి కూడా పడుతుంది. ఈ పందెంలో గెలవడం ఎంత కష్టమో ఊహించండి.

దీనికి తోడు విద్యుదావేశం లెక్క ఒకటుంది. ఆక్సిజన్ అయాన్‌కు రెండు రుణావేశాలు, నైట్రోజన్ అయాన్‌కు మూడు. రెండు ఆక్సిజన్ల చోట రెండు నైట్రోజన్లు కూర్చుంటే, తూకం సరిపోవడానికి స్ఫటికం మరో ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. అక్కడ ఏర్పడిన ఖాళీ ఇంకొక గుంట, ఎలక్ట్రాన్లూ హోల్స్ కలిసి నశించడానికి మరో చోటు. మీరు యూరియా పెంచుతున్నకొద్దీ ఈ గుంటలూ పెరుగుతాయి.

పరిమాణం ఎంతో ఒకసారి కళ్లకు కట్టించుకోండి. 20 నానోమీటర్ల టైటానియా కణంలో సుమారు 1,20,000 టైటానియం పరమాణువులుంటాయి. 0.1 శాతం లోహ డోపింగ్ అంటేనే ఒక్కో కణంలో 120 పరాయి పరమాణువులు. 5 శాతం అంటే 6,000. అన్ని గుంటలున్న కణంలో ఎలక్ట్రాన్ ఉపరితలానికి చేరేలోగా ఎన్నిసార్లు చిక్కుకుంటుంది! 1994లో చోయ్, టెర్మిన్, హాఫ్‌మన్ 21 లోహ అయాన్లను టైటానియాలో కలిపి పరీక్షించిన ప్రసిద్ధమైన పనిలో ఇనుము బాగా పనిచేసింది, అదీ 0.1 నుంచి 0.5 శాతం మధ్యలోనే. పైగా వారు చూసిన చర్యలు క్లోరోఫాం ఆక్సీకరణ, కార్బన్ టెట్రాక్లోరైడ్ క్షయకరణం. దాన్ని చూపించి దృశ్యకాంతిలో హైడ్రోజన్ వస్తుందని ఆశించడం కుదరదు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మే విషయానికి వస్తాను. డోపింగ్ అంటే రంగు వేయడమని మనలో చాలామంది అనుకుంటాం. ఈ రంగంలో డోపింగ్ సాధించిన అతిపెద్ద విజయం తెల్లటి పొడిలో వచ్చింది.

స్ట్రాంషియం టైటనేట్ కథ అది. దీని గ్యాప్ కూడా 3.2. జపాన్‌లో డొమెన్ బృందం దీన్ని స్ట్రాంషియం క్లోరైడ్ కరుగులో, అల్యూమినా మూసలో పెట్టి 1150 డిగ్రీల దగ్గర కాల్చినప్పుడు పనితనం అమాంతం పెరిగింది. కారణం వెతికితే మూస గోడ నుంచి కొద్దిగా అల్యూమినియం కరిగి పొడిలో చేరినట్టు తేలింది. నాలుగు ధనావేశాల టైటానియం చోట మూడు ధనావేశాల అల్యూమినియం కూర్చోవడంతో, ఆక్సిజన్ ఖాళీల వల్ల ఏర్పడే మూడు ఆవేశాల టైటానియం లోపాలు తగ్గిపోయాయి. గుంటలు పూడ్చినట్టయింది. 2016లో 360 నానోమీటర్ల దగ్గర 30 శాతం క్వాంటమ్ సామర్థ్యం, అంటే పడిన ఫోటాన్లలో (కాంతి కణాలలో) పనికి వచ్చిన వంతు, వచ్చింది. 2020లో అదే పొడి కణాల ఒక ముఖం మీద రోడియం, క్రోమియం ఆక్సైడ్, మరో ముఖం మీద కోబాల్ట్ సమ్మేళనం కూర్చోబెట్టి 350 నుంచి 360 నానోమీటర్ల మధ్య 96 శాతం దాకా తీసుకెళ్లారు. పడిన ఫోటాన్లలో దాదాపు ప్రతిదీ పనికి వచ్చింది. నీటిని విడగొట్టే పొడి ఇంత చేయగలదని ఆ వ్యాసం చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పొడినే 100 చదరపు మీటర్ల పలకల మీద పరిచి నెలల తరబడి ఎండలో నడిపిన ఫలితం 2021లో వచ్చింది. సౌరశక్తి హైడ్రోజన్‌గా మారిన గరిష్ఠ శాతం 0.76. అతినీలలోహితాన్ని మాత్రమే వాడుకునే పదార్థం ఎంత గొప్పదైనా 2 శాతం లోపే ఆగిపోవాలి. కాబట్టి దృశ్యకాంతి కావాలనే మీ కోరిక పూర్తిగా సరైనది. దారి మార్చమంటున్నాను అంతే.

దారులు మూడు చెబుతాను.

మొదటిది, మీకు నేను సూచించేది: డోపెంట్‌తో పాటు దాని ఆవేశాన్ని సరిచేసే మరో అయాన్‌ను కలపడం. స్ట్రాంషియం టైటనేట్‌లో రోడియం కలిపితే 500 నానోమీటర్లు దాటి కాంతిని పీల్చుకుంటుంది. ఒంటరిగా కలిపితే పొడి ఊదా రంగులో వస్తుంది. రోడియం నాలుగు ఆవేశాల రూపంలో ఉందని ఆ రంగు చెబుతుంది. అది ఎలక్ట్రాన్లను మింగేసే రూపం. స్ట్రాంషియం చోట మూడు ఆవేశాల లాంథనం కూడా కలిపితే రోడియం మూడు ఆవేశాల దగ్గర నిలబడుతుంది, పొడి మొదటి నుంచే పసుపుగా వస్తుంది. ఫర్నేస్ తలుపు తీయగానే ఊదాగా ఉందా, పసుపుగా ఉందా అని చూస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ రంగుకు నిజంగా అర్థం ఉంది. 2002లోనే కాటో, కుడో క్రోమియంతో పాటు యాంటిమొనీ కలిపి ఇదే సూత్రాన్ని చూపించారు. ఒంటరి క్రోమియం ఆరు ఆవేశాల రూపంలోకి మారి పని చెడగొడుతుంది, యాంటిమొనీ దాన్ని మూడు దగ్గర పట్టి ఉంచుతుంది.

రెండో దారి, ఒకే పొడితో రెండు పనులూ చేయించకపోవడం. హైడ్రోజన్‌కు లాంథనం, రోడియం కలిపిన స్ట్రాంషియం టైటనేట్, ఆక్సిజన్‌కు మాలిబ్డినం కలిపిన బిస్మత్ వెనడేట్, మధ్యలో ఎలక్ట్రాన్లు దాటడానికి బంగారు పొర. 2016లో ఈ పలక 1.1 శాతం సౌర సామర్థ్యం, 419 నానోమీటర్ల దగ్గర 30 శాతం దాటిన క్వాంటమ్ సామర్థ్యం ఇచ్చింది. బిస్మత్ వెనడేట్ గ్యాప్ 2.4, దాని పై అంచు హైడ్రోజన్ స్థాయికి కింద ఉంది కాబట్టి ఒంటరిగా హైడ్రోజన్ ఇవ్వదు. జంటలో మాత్రం చక్కగా ఒదుగుతుంది.

మూడో దారి, నైట్రోజన్‌ను చిటికెడు కాకుండా స్ఫటికంలో పూర్తి భాగస్వామిని చేయడం. టాంటలం ఆక్సినైట్రైడ్, లాంథనం టైటానియం ఆక్సినైట్రైడ్ లాంటివి. వీటిలో నైట్రోజన్ స్థాయిలు విడివిడిగా ఉండవు, అవే పట్టీగా అల్లుకుంటాయి, హోల్ కదలగలదు. మొదటిది సుమారు 500, రెండోది సుమారు 600 నానోమీటర్ల దాకా పీల్చుకుంటాయి. కానీ ఎక్కువ వేడి దగ్గర గంటల తరబడి అమోనియా వాయువు పారించాలి. సరైన వాయు నిష్క్రమణ, అమోనియా హెచ్చరిక పరికరం లేని చోట దీన్ని మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

దారి మార్చడానికి ముందు మీ చేతిలో ఉన్న ఫలితాలను కూడా సరిచూసుకోవాలి. ఇక్కడ నా అనుభవాలు కొన్ని పనికొస్తాయి.

యూరియా సంగతి. నా మొదటి పసుపు పొడి కూడా యూరియాదే. ఏడు నెలల తర్వాత పరారుణ వర్ణపటంలో సెంటీమీటరుకు 810 తరంగాల దగ్గర ఒక సన్నటి శిఖరం కనబడింది. కాల్చినప్పుడు యూరియా అణువులు ఒకదానితో ఒకటి కలిసి, మెలాన్ తరహా కార్బన్-నైట్రోజన్ పూతగా కణాల మీద పేరుకున్నాయి. పసుపు రంగులో ఎక్కువ భాగం దానిదే. స్ఫటికంలోకి నైట్రోజన్ వెళ్లిందా అన్నది వేరే ప్రశ్న. ఎక్స్-కిరణ ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంలో నైట్రోజన్ శిఖరం 396 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే టైటానియంతో బంధం ఉందనవచ్చు. 400 దగ్గర మాత్రమే ఉంటే ఉపరితలం మీది అణువులనూ అనుమానించాలి. ఏ పరికరం అందుబాటులో లేకపోయినా పరారుణ వర్ణపటం తీయించండి.

మిథిలీన్ బ్లూ సంగతి. ఆ రంగు పదార్థం 664 నానోమీటర్ల దగ్గర తానే కాంతిని పీల్చుకుంటుంది. పీల్చుకుని తన ఎలక్ట్రాన్‌ను టైటానియాకు ఇచ్చి తానే విరిగిపోతుంది. అంటే డోపింగ్ లేని తెల్ల పొడితో కూడా దృశ్యకాంతిలో రంగు పోవచ్చు. ఒకసారి తెల్ల పొడితో చేసి చూడండి. తర్వాత రంగులేని ఫినాల్‌తో చేయండి. మీ పొడి అక్కడ కూడా పనిచేస్తే అప్పుడు నమ్ముదాం.

ఫిల్టర్ సంగతి. మీకు హైడ్రోజన్ రాలేదు కాబట్టి ఈ ప్రమాదం ఇప్పుడు లేదు, రేపు వచ్చినప్పుడు గుర్తుంచుకోండి. మా దగ్గర ఒక విద్యార్థినికి దృశ్యకాంతిలో చక్కటి హైడ్రోజన్ రేటు వచ్చింది. అందరం సంతోషించాం. అదే అమరికలో తెల్ల టైటానియా పెట్టించాను. దానికీ హైడ్రోజన్ వచ్చింది! ఫిల్టర్ చట్రానికీ కిటికీకీ మధ్య సన్నటి సందులోంచి అతినీలలోహితం జారుతోంది. అప్పటి నుంచి ప్రతి కొత్త పొడికీ ముందు తెల్ల పొడితో ఒక పరీక్ష తప్పనిసరి చేశాం. ఫిల్టర్ కొనలేని చోట సోడియం నైట్రైట్ గాఢ ద్రావణాన్ని గాజు తొట్టిలో పోసి దీపం ముందు పెట్టవచ్చు, 400 కంటే పొట్టి తరంగాలను బాగా ఆపుతుంది.

సహ ఉత్ప్రేరకం, అంటే కణం మీద హైడ్రోజన్ పుట్టడానికి సాయపడే లోహం, ఉందా? మీ ప్రశ్నలో ప్లాటినం ప్రస్తావన లేదు. బరువులో అర శాతం నుంచి 1 శాతం ప్లాటినాన్ని మిథనాల్ ద్రావణంలో కాంతితోనే కణాల మీద పేర్చుకోకపోతే మంచి పొడి కూడా హైడ్రోజన్ ఇవ్వడానికి మొండికేస్తుంది. అయితే మిథనాల్ సమక్షంలో వచ్చిన హైడ్రోజన్‌ను నీటి విభజన అని రాయకండి. అక్కడ హోల్స్‌ను మిథనాల్ తినేస్తోంది, కష్టమైన ఆక్సిజన్ భాగం జరగడమే లేదు. శుద్ధమైన నీటిలో రెండు వాయువులూ రెండుకు ఒకటి నిష్పత్తిలో వస్తేనే అది నీటి విభజన. అప్పుడు ఒంటరి ప్లాటినం పనికిరాదు, పుట్టిన హైడ్రోజన్, ఆక్సిజన్‌లను అదే మళ్లీ నీరుగా కలిపేస్తుంది. పైన చెప్పిన రోడియం మీద క్రోమియం ఆక్సైడ్ తొడుగు అందుకే, ఆక్సిజన్‌ను లోపలికి రానివ్వదు.

కార్బన్ డయాక్సైడ్ నుంచి మీథేన్ తీయాలనే ఆలోచన కూడా రాశారు. ఒక్కటే చెబుతాను: అదే పొడితో, అదే కాంతిలో, కార్బన్ డయాక్సైడ్ బదులు ఆర్గాన్ నింపి ఒక రోజు నడపండి. యూరియా, ఆల్కహాల్ అవశేషాలున్న పొడుల నుంచి కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ వాటంతటవే వస్తాయి. కార్బన్-13 (కొంచెం బరువైన కార్బన్) గుర్తు ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో నిరూపించే దాకా ఆ ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రేటు రాసే పద్ధతి గురించి. గ్రాముకు గంటకు ఇన్ని మైక్రోమోల్స్ అన్న అంకె ఎవరినైనా మోసం చేస్తుంది. 100 మిల్లీగ్రాములతో గంటకు 10 మైక్రోమోల్స్ వస్తే రేటు 100. 5 మిల్లీగ్రాములతో కూడా పడిన కాంతి దాదాపు అంతా పీల్చుకోబడి అదే 10 వస్తే రేటు 2,000 అవుతుంది. పొడి మాత్రం మారలేదు. ఒక తరంగ దైర్ఘ్యం దగ్గర పడిన ఫోటాన్లను కొలిచి, క్వాంటమ్ సామర్థ్యం రాయండి. ఎండలో 1 శాతం అంటే ఎంతో కూడా తెలిసి ఉండాలి: చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో అది 10 వాట్లు, గంటకు 36 కిలోజౌళ్లు. మోల్ హైడ్రోజన్‌కు 237 కిలోజౌళ్లు కాబట్టి గంటకు 0.15 మోల్, అంటే సుమారు 3.7 లీటర్లు. మీ ఫలితాన్ని ఈ అంకె పక్కన పెట్టి చూసుకుంటే ఎక్కడున్నామో తెలుస్తుంది.

ఎండలో నడిపేటప్పుడు ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో మా డాబా మీద పెట్టిన రియాక్టర్ రబ్బరు మూత వేడికి సాగి గాలి లోపలికి వచ్చేది. వాయువులను విడదీసి కొలిచే క్రోమటోగ్రాఫ్‌లో నైట్రోజన్ శిఖరం పెరుగుతోందంటే మూత కారుతోందని అర్థం. ఆ రోజు ఆక్సిజన్ అంకెలను పక్కన పెట్టేసేవాళ్లం.

మీ చుట్టుపక్కల సాయం దొరకదని అనుకోకండి. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో సౌర ఇంధనాల మీదే పనిచేసే ప్రయోగశాల ఉంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో కాంతి ఉత్ప్రేరకాల మీద చాలాకాలంగా పని జరుగుతూ వచ్చింది. పరికరం లేదని ఏడాది ఆగిపోవడం కంటే ఒక ఉత్తరం రాసి నమూనా పంపడం మేలు.

ఈ వారం మీరు చేయవలసింది: ఉన్న పసుపు పొడి మీద 1 శాతం ప్లాటినం పేర్చి, 10 శాతం మిథనాల్ నీటిలో, ఫిల్టర్ లేకుండా ఒకసారి, ఫిల్టర్‌తో ఒకసారి నడపండి. పక్కన తెల్ల టైటానియాతో అదే రెండుసార్లు. ఫిల్టర్ లేకుండా పసుపు పొడి తెల్లదాని కంటే తక్కువ హైడ్రోజన్ ఇస్తే, మీ డోపింగ్ గుంటలు తవ్విందని అనుమానించవచ్చు. ఆ నాలుగు అంకెలు, దీపం వాట్లు, పొడి బరువు, పరారుణ వర్ణపటం ఇక్కడే పెట్టండి. లాంథనం, రోడియం పాళ్లు, కాల్చే వేడి గురించి వాటిని చూశాక వివరంగా రాస్తాను.